ఎంజైముతోనా, ఎంజైము చేతనా?

సందేహం: ‘మొక్కల ఎంజైములతో గంధకం ఉన్న చక్కెర సమ్మేళనాలను తయారుచేస్తారు’ అని ఒక వ్యాసంలో రాశాను. చదివిన మిత్రుడు ‘ఎంజైముల చేత తయారుచేయబడతాయి’ అనాలన్నారు. ఏది సరైనదండీ?

సమాధానం: మీ వాక్యమే తెలుగులా ఉంది. ‘తయారుచేయబడతాయి’ని వ్యాకరణం తప్పు పట్టదు గానీ, నోటితో ఎవరూ అలా అనరు. రాతలోనూ వదిలేయండి.

చేత, చే, తోడ, తో నాలుగూ తృతీయా విభక్తే. చేత ఎక్కువగా కర్తకు, తో సాధనానికి వస్తాయి. కాబట్టి పని చేస్తున్నది ఎవరో ముందు తేల్చుకోవాలి. ఆవ మొక్కలో ఒక ఎంజైము యూడీపీ-గ్లూకోజు (గ్లూకోజును అందించే అణువు) నుంచి గ్లూకోజును తీసి, వేరే అణువులోని గంధకానికి తగిలిస్తుంది. ఆ తర్వాత ఇంకో ఎంజైము సల్ఫేటును చేర్చాక గ్లూకోసినోలేటు అనే గంధకం ఉన్న చక్కెర సమ్మేళనం సిద్ధమవుతుంది. ఇక్కడ మనిషి ప్రమేయమే లేదు. ‘ఎంజైము తగిలిస్తుంది’ అంటే సరిపోయింది, ఏ విభక్తీ అక్కర్లేదు.

ల్యాబులో అలా కాదు. అక్కడ కర్త శాస్త్రవేత్త, ఎంజైము సాధనం. అందుకే తో. అయితే ప్రేరణార్థకంతో, అంటే ‘చేయించు’, ‘కట్టించు’ లాంటి క్రియతో, ‘చేత’ కూడా అందంగా వస్తుంది. మామూలుగా చక్కెర బంధాలను తెంచే ఎంజైములో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, దాని చేతనే గంధకపు బంధాన్ని కట్టిస్తారు. తెంచేదాని చేత కట్టించడం! ఆ విశేషం ‘కట్టించడం’ అన్న క్రియలోనే పలుకుతుంది. ‘కట్టబడుతుంది’లో అది పోతుంది.

మీ ‘తో’లో ఒక చిక్కు మాత్రం ఉంది. ‘కలపతో బల్ల చేశాడు’, ‘రంపంతో బల్ల చేశాడు’ రెండూ తెలుగే. కలప బల్లలో ఉంటుంది, రంపం ఉండదు. రసాయనశాస్త్రం తెలియని పాఠకుడు మీ వాక్యం చదివి ఎంజైమును ముడిసరుకు అనుకోవచ్చు. నిజానికి ఎంజైము చర్యను వేగంగా జరిపించి, తాను మారకుండా బయటపడుతుంది. అందుకని ‘మొక్కల ఎంజైములను వాడి’ అని రాయండి. ‘గంధకంతో కూడిన’ అనకుండా ‘గంధకం ఉన్న’ అన్నారు, బాగుంది. లేకపోతే ఒకే వాక్యంలో రెండు ‘తో’లు పడేవి.

ఇక, వ్యాసంలో ముందు ముందు ‘వల్ల’ కూడా అవసరపడుతుంది. ‘ఆక్సిజన్ స్థానంలో గంధకం ఉండటం వల్ల ఈ బంధాన్ని చాలా ఎంజైములు తేలిగ్గా తెంచలేవు’ అన్నచోట మీరు చెప్పేది కారణం. ‘ఉండటంతో’, ‘ఉండటం చేత’ అన్నా కారణమే తెలుస్తుంది గానీ, అక్కడ ‘వల్ల’ అంటేనే స్పష్టంగా ఉంటుంది.