మంచులో జారుడు, ఎండలో షికారు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ, ఆరుగురం, ఉత్తరాఖండ్‌లో మంచు ఆటలకి పేరున్న ఔలి వెళ్దామనుకుంటున్నాం. మంచు మొహం ఎరగనివాళ్ళం. మందపాటి స్వెట్టర్లు, మంకీ క్యాపులు కొంటే సరిపోతుందా?
– ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

జవాబు: స్వెట్టరు కన్నా ముందు లోపలి బనీను సంగతి చూడండి. మనకి అలవాటైన నూలు బనీను అక్కడ పనికిరాదు. స్కీయింగ్, అంటే కాళ్ళకి పొడుగు పలకలు (స్కీలు) బిగించుకుని మంచు మీద జారడం, నేర్చుకునేవాళ్ళు పడుతూ లేస్తూ అరగంటలో చెమటలు కక్కుతారు. నూలు ఆ చెమటంతా పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, ఆరదు. ఆట ఆపి పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ తడే వణుకు పుట్టిస్తుంది. జీన్సు ప్యాంటుదీ ఇదే కథ.

ఒంటిని అంటిపెట్టుకుని ఉన్ని లేదా పాలియెస్టర్ థర్మల్ (వెచ్చటి లోబట్ట), దాని మీద ఫ్లీస్ (నూగులాంటి మెత్తటి బట్ట) చొక్కా లేదా మీ స్వెట్టరు, అన్నిటికీ పైన గాలీ నీళ్ళూ చొరని జాకెట్టు, ప్యాంటు. ఈ జాకెట్టు, ప్యాంటు అద్దెకి దొరుకుతాయి కాబట్టి కొనక్కర్లేదు. థర్మల్స్, నీళ్ళు చొరని గ్లౌజులు మాత్రం సొంతవి ఉండాలి. ఉన్ని గ్లౌజులు రెండోసారి పడేసరికే తడిసి ముద్దవుతాయి.

ఇంకోమాట. సంక్రాంతికి మంచు సరిగా పడని ఏళ్ళూ ఉన్నాయి. సెలవు దొరికితే ఫిబ్రవరి మొదట్లో పెట్టుకోండి. 2023 జనవరిలో ఔలి కిందనున్న జోషిమఠ్ ఊళ్ళో నేల కుంగినప్పుడు అక్కడినుంచి ఔలికి వెళ్ళే రోప్‌వే ఆపేశారు. దాన్ని నమ్ముకోకుండా, పైకి ట్యాక్సీలో వెళ్ళేలా లెక్క వేసుకోండి.

ప్రశ్న: మా అమ్మకి అరవై రెండేళ్ళు, బీపీ ఉంది. ఔలి అంత ఎత్తుకి తీసుకెళ్ళొచ్చా?
– చీపురుపల్లి

జవాబు: బీపీ మాత్రలతో అదుపులో ఉంటే సాధారణంగా వెళ్ళొచ్చు. ఆయాసం, గుండెజబ్బు ఉంటే మాత్రం డాక్టరు సరే అన్నాకే టికెట్లు. ఏ ఊరికి, ఎంత ఎత్తుకి వెళ్తున్నారో డాక్టరుకి అంకెలతో చెప్పండి. మన పక్కనున్న మహేంద్రగిరి 1,501 మీటర్లు. జోషిమఠ్ సుమారు 1,900. ఔలి వాలు 2,500 దగ్గర మొదలై 3,000 దాకా పోతుంది. ఒంటికి తేడా తెలిసేది సాధారణంగా 2,500 దాటాకే. అందుకే మొదటి రాత్రి జోషిమఠ్‌లో పడుకుని మర్నాడు పైకి వెళ్ళాలి.

కాశ్మీరులోని గుల్మార్గ్‌కి వెళ్తే చిక్కు ఇంకోటి. ఊరు 2,650 మీటర్ల దగ్గరుంటే, గండోలా (తీగల మీద నడిచే పెట్టె బండి) రెండో దశ నిమిషాల మీద దాదాపు 3,950కి చేరుస్తుంది. దిగిన రోజే అమ్మని అందులో ఎక్కించకండి.

తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం కనిపిస్తే ఇక పైకి పోకూడదు. మాత్ర వేసి పైకెక్కించడం అందరూ చేసే తప్పు. కూర్చున్నా ఆయాసపడుతున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా రాత్రనక పగలనక కిందికి దించేయాలి.

ప్రశ్న: స్నేహితులం వీడియోలు చూసి స్కీయింగ్ నేర్చుకున్నాం. ఔలిలోనో గుల్మార్గ్‌లోనో స్కీలు అద్దెకి తీసుకుని దిగిపోవచ్చు కదా?
– డిగ్రీ విద్యార్థి, రాజాం

జవాబు: వీడియో చూసి చెరువులో ఈత కొట్టొచ్చేమో కనుక్కుని చెప్పండి! శిక్షకుడు లేకుండా దిగొద్దు. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్, గుల్మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ శిక్షణ ఇస్తాయి.

అద్దె కొట్లో తొందరపడకండి. బూటులోకి ఒకే ఒక్క జత పల్చటి పొడుగు సాక్సు. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉండదు సరికదా, రక్తం ఆడక పాదం చల్లబడుతుంది. నిటారుగా నిలబడితే కాలి వేళ్ళు బూటు ముందు గోడని తాకాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. పాదం మీది బకిల్స్ కాస్త వదులుగా, చీలమండ పైవి బిగుతుగా పెట్టండి.

బూటుని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. పడినప్పుడు అదే ఊడిపోయి కాలిని వదలాలి. ఎంత బలానికి ఊడాలో చిన్న స్క్రూతో బిగిస్తారు, పక్కన అంకె కనిపిస్తుంది. అంకె ఎక్కువైతే ఊడదు, స్కీతోపాటు మోకాలూ మెలితిరుగుతుంది. తక్కువైతే ఊరికే మలుపు తిరిగినా ఊడి పడేస్తుంది. దాన్ని మీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అట్ట పొడవుల్ని బట్టి పెడతారు. కాబట్టి బరువు తగ్గించి, నైపుణ్యం పెంచి చెప్పకండి. కుర్రాళ్ళు రెండూ చేస్తారు.

తొడిగేముందు బూటు అడుగున గడ్డకట్టిన మంచుని కర్రతో గీకేయాలి. అది ఉంటే బైండింగ్ సరిగ్గా పట్టదు, మొదటి మలుపులోనే వదిలేస్తుంది. ముందు బొటనవేలి వైపు దూర్చి, తర్వాత మడమతో గట్టిగా తొక్కితే 'టక్'మంటుంది. ఆ చప్పుడు వినకుండా కదలొద్దు.

మొదటి పాఠం ఆగడమే. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా, మడమలు బయటికి తోస్తూ. భయంతో అందరూ వెనక్కి వాలతారు. అప్పుడు బరువు మడమల మీదికి పోయి స్కీలు చెప్పినట్టు వినవు. పిక్క ముందెముక బూటు నాలుకకి ఆని ఉండాలి. పడక తప్పదనిపిస్తే పక్కకి, పిర్రల మీద పడండి, చేతులు చాచొద్దు. హెల్మెట్ తప్పనిసరి. కింద ఉన్నవాళ్ళకే దారి హక్కు, తప్పించుకోవాల్సింది పైనుంచి వచ్చేవాడు. జెండాలు, తాళ్ళు దాటి వెళ్ళకండి. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఎక్కువగా మంచుపెళ్ళలు విరిగిపడతాయి.

ప్రశ్న: మా ఒంటిరంగుకి మంచులో ఎండ ఏం చేస్తుంది?
– సాలూరు

జవాబు: కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ కింద నుంచి కూడా తగులుతుంది. గడ్డం కింద, ముక్కుపుటాల అంచుల్లోనూ ఎండని అడ్డుకునే ఎస్‌పీఎఫ్ 30 క్రీము రాయాలి, రెండు గంటలకోసారి. ఈ కిరణాల్ని ఆపే యూవీ 400 కళ్ళద్దాలు లేకపోతే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. తిమ్మిరి వేలికి కాలుతున్నా తెలీదు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో ముంచి డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: మే నెలలో పిల్లలతో బారువ బీచికి, జీడితోటల్లోకి వెళ్తుంటాం. జాగ్రత్తలు?
– పలాస

జవాబు: సముద్రంలో కెరటాలు విరగకుండా నున్నగా, బురదగా కనిపించే పాయలోకి పిల్లల్ని దించొద్దు. నీరు వెనక్కి లాగేది అక్కడే. ప్రశాంతంగా ఉందని అందరూ అక్కడికే వెళ్తారు. లాగితే ఒడ్డుకి ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా కాసేపు పక్కకి ఈదాలి. గట్టు మీదివాళ్ళు దూకకుండా తాడో, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బానో విసరాలి. నాగావళి, వంశధారల్లో ఇసుక తవ్విన గోతులుంటాయి. మోకాలి లోతు నీళ్ళు ఒక్క అడుగులో తల దాటుతాయి.

మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుము వినబడిందంటే తాటిచెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి లేదా కారులోకి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు.

పదకొండు నుంచి నాలుగు దాకా నీడ వదలకండి. చోడి అంబలి, మజ్జిగ మంచివే. వాంతులు, విరేచనాలైతే మాత్రం ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకి చెరుపు చేస్తుంది. ఒళ్ళు కాలిపోతూ మాట తికమకగా ఉంటే వడదెబ్బే. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసురుతూనే ఉండండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.