చర్మకణాలు కుళ్లాయా, చనిపోయాయా?

ప్రశ్న: ‘నెక్రోలైటిక్ ఏక్రల్ ఎరిథీమా’ అనే అరుదైన చర్మవ్యాధి గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. చర్మపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కనిపించే ‘నెక్రోసిస్’ను ‘కుళ్లడం’ అనీ, ‘పాలర్’ను ‘పాలిపోవడం’ అనీ రాశాను. వైద్యుడైన మిత్రుడొకరు చదివి రెండూ కుదరవన్నారు. ఈ వ్యాధి హెపటైటిస్ సి (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే జబ్బు) ‘వల్ల’ వస్తుందన్న వాక్యాన్నీ కొట్టివేశారు. ఆయన మాట సరైనదేనా?

సమాధానం: మూడు అభ్యంతరాలూ సమంజసమైనవే. మొదటిది కొంచెం వివరంగా చూడాలి.

తెలుగులో కుళ్లడమంటే సూక్ష్మజీవులు చేరి, మెత్తబడి, నీరుకారి, వాసన వేయడం. పండు కుళ్లుతుంది, శవం కుళ్లుతుంది. ఈ వ్యాధిలో జరిగేది అది కాదు. బాహ్యచర్మపు పై వరసల్లోని కణాలు కొన్నిచోట్ల విడివిడిగా, కొన్నిచోట్ల గుంపుగా చనిపోతాయి. కేంద్రకం ముడుచుకుపోయి, దాని చుట్టూ ఉన్న కణద్రవ్యం చిక్కని గులాబిరంగులో కనిపిస్తుంది. అలా చనిపోయినచోట పొరలు విడిపోయి, అన్నిటికన్నా పైనున్న కెరాటిన్ (గోళ్లలో కూడా ఉండే గట్టి మాంసకృత్తి) పొర కింద సన్నని చీలిక ఏర్పడవచ్చు. ‘చచ్చుబడటం’ అందామంటే, కాలో చెయ్యో పక్షవాతంతో పడిపోవడమే మనకు ముందు స్ఫురిస్తుంది. ‘మృతకణాలు’ అని ఊరుకున్నా చాలదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న చర్మంలో కూడా అన్నిటికన్నా పైపొర మృతకణాలదే. (సబ్బుల ప్రకటనలు రోజూ ఆ మాటే చెబుతుంటాయి.) ఇక్కడ విశేషం కణాలు చనిపోవడం కాదు, ఆ పైపొరకు చేరకముందే చనిపోవడం. కాబట్టి ‘బాహ్యచర్మపు పై వరసల్లో అకాల కణమరణం’ అని, చోటు కూడా చెప్పి రాయండి.

ఇదే పరీక్షలో దీనికి తలకిందులైన మరో మార్పు కూడా ఉంటుంది. మామూలుగా కణం పైపొరకు చేరేసరికి దాని కేంద్రకం మాయమవుతుంది. ఈ రోగుల్లో కెరాటిన్ పొరలో కూడా కేంద్రకాలు మిగిలే ఉంటాయి. బాహ్యచర్మం దళసరై, చెట్టు వేళ్లు దిగినట్లు కిందికి దిగుతుంది. ఈ రూపాన్ని ‘సోరియాసిస్ తరహా మందం’ అనాలి. అందులో ‘తరహా’ వదిలేస్తే రోగికి సోరియాసిస్ ఉందనే అర్థం వస్తుంది.

ఇక ‘పాలిపోవడం’. ఇది రక్తం తగ్గిన మనిషి ముఖానికి చెల్లే మాట. ఈ వ్యాధిలో మచ్చలు ఎక్కువగా మీగాళ్ల మీద వస్తాయి. మొదట ఎర్రగా ఉండి, రానురాను నల్లబడి, మందమై, పొలుసులు కడతాయి. అలాంటి చర్మాన్ని పాలిపోయిందంటే చదివేవారు తికమకపడతారు. పాలిపోయినట్లు కనిపించేది రోగి కాలు కాదు, గాజుపలక మీది కణాలు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు అద్దినప్పుడు ఉబ్బిన ఆ కణాలు వాటిని సరిగా పీల్చుకోవు. బట్టకు రంగు పట్టలేదని అద్దకంవారు అనేది ఇలాంటి సందర్భంలోనే. అందుచేత ‘రంగు సరిగా పట్టని కణాలు’ అంటే సరిపోతుంది, కొత్త పదం కల్పించే పని లేదు.

‘వల్ల’ అనే విభక్తి కారణాన్ని నిశ్చయంగా చెబుతుంది. 1996లో ఈజిప్టు వైద్యులు ఈ వ్యాధిని మొదటిసారి వర్ణించినప్పుడు వారు చూసిన ఏడుగురు రోగుల్లోనూ హెపటైటిస్ సి ఉన్నమాట నిజమే. వారు దీన్ని ఆ వైరస్‌కు చర్మం మీద కనిపించే గుర్తుగానే పేర్కొన్నారు. అయితే గుర్తు వేరు, కారణం వేరు. ఆ తరువాత హెపటైటిస్ సి లేనివారిలో కూడా ఈ వ్యాధి కనిపించింది, మన దేశం నుంచి కూడా అలాంటి నివేదికలు వచ్చాయి. జింక్ మాత్రలతో తగ్గిన రోగులూ ఉన్నారు. పైగా జింక్ లోపంలోనూ, పెల్లగ్రా అనే బి3 విటమిన్ లోపవ్యాధిలోనూ, గ్లూకగాన్ అనే హార్మోన్‌ను అతిగా స్రవించే క్లోమపు కంతి ఉన్నవారి చర్మంలోనూ సూక్ష్మదర్శిని కింద దాదాపు ఇవే మార్పులు కనిపించవచ్చు గనుక, ముక్క పరీక్ష ఒక్కదానితో వ్యాధిని తేల్చలేరు. ‘హెపటైటిస్ సి ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే వ్యాధి’ అని రాయండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి: హెపటైటిస్‌కు బదులు ‘కామెర్లు’ వాడకండి. హెపటైటిస్ సి ఉన్న చాలామందికి కళ్లు పచ్చబడవు. ‘కామెర్లు ఉన్నవారిలో’ అని చదివితే, ఆ రోగులు ఇది తమ గురించి కాదనుకుని పక్కన పెట్టేస్తారు.