కొత్త బేస్‌బాల్ టీమ్ కోచ్ రమ్మంటున్నాడు, బాబును పంపాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు ట్వెల్త్ గ్రేడ్, పిచర్ (బంతి విసిరేవాడు). గంటకు 84 మైళ్ల దాకా వేస్తాడు. మూడేళ్ల కిందట బేస్‌బాల్ మొదలుపెట్టిన ఒక చిన్న ప్రైవేటు కాలేజీ (కాలేజీ ఆటల్లో మూడో స్థాయి, డివిజన్ త్రీ) కోచ్ రమ్మంటున్నారు. మొదటి ఏడాదే ఆడిస్తామంటున్నారు, ఏడాదికి 22 వేల డాలర్ల స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. ఇంకోపక్క స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటుంది, కానీ అక్కడి టీమ్‌లో వీడికి చోటు దొరకదు. ట్రావెల్ బాల్‌కు (ఊళ్లు తిరిగి ఆడే ప్రైవేటు టీమ్‌లకు) ఇన్నేళ్లూ పెట్టిందంతా వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కోచ్‌కు నేను మెయిల్స్ రాస్తూనే ఉన్నాను. మేం హెచ్-1బీ మీద ఉన్నాం. రెండు కాలేజీలనూ పోల్చి చెప్పగలరా? – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెప్తాను. దానికి ముందు ఒక పొరపాటు సరిచేయాలి. ఆ 22 వేలు బేస్‌బాల్‌కు ఇచ్చింది కాదండీ. డివిజన్ త్రీ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, అది కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. మీ బాబు మార్కులు చూసి అడ్మిషన్స్ ఆఫీసు ఇచ్చిన డబ్బు అది. ఇది మంచి కబురే. రేపు భుజం నొప్పి వచ్చినా, కోచ్ మారినా, వాడికే విసుగొచ్చి గ్లవ్ పక్కన పడేసినా, జీపీఏ నిలబెట్టుకున్నంత కాలం ఆ డబ్బు ఆగదు. ఎంత జీపీఏ ఉండాలో అవార్డు లెటర్‌లో ఉంటుంది, చూడండి.

రెండో సంగతి. చిన్న ప్రైవేటు కాలేజీలు కొత్తగా బేస్‌బాల్ ఎందుకు పెడతాయి? చాలాచోట్ల కారణం అడ్మిషన్లు. నలభై మంది అబ్బాయిలు టీమ్ కోసం వస్తే నలభై ట్యూషన్ ఫీజులు వచ్చినట్టు. అందులో మోసమేమీ లేదు, కాలేజీలు బతకాలి కదా. కానీ అలాంటిచోట కోచ్ పనిలో సగం పిల్లల్ని చేర్పించడమే. 'మొదటి ఏడాదే ఆడిస్తాం' అనే మాటను ఆ లెక్కలోనే వినాలి. రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో పిచర్లు ఎంతమందో లెక్కపెట్టండి. తర్వాత గత సీజన్ స్టాట్స్ తీసి, ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది పిల్లలు) ఎన్ని ఇన్నింగ్స్ వేశారో చూడండి. మొదటి ఏడాది చేరినవాళ్లలో ఇప్పటికీ ఎంతమంది మిగిలారో చూస్తే కోచ్ మాటకు విలువెంతో తెలిసిపోతుంది.

కోచింగ్ స్టాఫ్ గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇలాంటి కాలేజీల్లో తరచుగా హెడ్ కోచ్ ఒక్కడిదే ఫుల్‌టైమ్ ఉద్యోగం. మిగతావాళ్లు పార్ట్‌టైమర్లు, లేదంటే మాస్టర్స్ చదువుతూ పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు. వాళ్లు డిగ్రీ చేతికి రాగానే వెళ్లిపోతారు. మీవాడు పిచర్ కాబట్టి వాడి చేతిని రోజూ చూసేది పిచింగ్ కోచ్, అథ్లెటిక్ ట్రైనర్. ఆ పిచింగ్ కోచ్ ఎప్పుడు చేరాడు, అతని ముందు ఎందరు మారారు, ట్రైనర్ ప్రాక్టీసుకు రోజూ ఉంటాడా? హెడ్ కోచ్ ఎంత మంచివాడన్నదాని కన్నా మీకు ఇవే ముఖ్యం.

కొత్త ప్రోగ్రామ్ అనగానే చెడ్డదని కాదు. ఒరెగాన్ యూనివర్సిటీ 1981లో ఆపేసిన బేస్‌బాల్‌ను 2009లో మళ్లీ మొదలుపెట్టింది. కోచ్‌గా జార్జ్ హార్టన్ వచ్చారు, 2004లో కాల్ స్టేట్ ఫుల్లర్టన్‌ను జాతీయ చాంపియన్‌గా నిలిపినాయన. అంతటి కోచ్ ఉండి కూడా తొలి ఏడాది 14 గెలిచి 42 ఓడారు. మరుసటి ఏడాదికే 40 గెలిచి ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు వెళ్లారు. బాయిసీ స్టేట్‌లో ఇంకోలా జరిగింది. నలభై ఏళ్ల తర్వాత 2020లో టీమ్‌ను తిరిగి నిలబెట్టారు. 14 ఆటలయ్యాక కోవిడ్ వచ్చింది. ఆ జులైలోనే బడ్జెట్ లేదని టీమ్‌ను ఎత్తేశారు. కోచ్‌ను నమ్మి వచ్చిన పిల్లలు మళ్లీ కాలేజీలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక ట్రావెల్ బాల్. ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఈ మధ్య మనవాళ్లలో ఇదొక ఫ్యాషన్ అయింది. పిల్లాడు బాగా ఆడితే చాలు, రిక్రూటింగ్ కన్సల్టెంట్, వారానికో షోకేస్ (కోచ్‌ల ముందు ఆడి చూపించే ఈవెంట్), హోటళ్లు, ఫ్లైట్లు, వీడియో ఎడిటింగ్. ఒకప్పుడు పక్కింటివాళ్లు ఐఐటీ కోచింగ్‌కు కోటా పంపారని మనమూ పంపినట్టే ఉంది ఇది. ఈ దారి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. షోకేస్ నిర్వాహకులకు మీ ఎంట్రీ ఫీజు వస్తే చాలు, మీవాడు ఎక్కడ చేరితే వాళ్లకేంటి? మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఇప్పుడు ఇరవై రౌండ్లే, దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 600 మంది. పిచర్ కుమార్ రాకర్ పేరు మీరూ వినే ఉంటారు. వాళ్లమ్మది భారతీయ కుటుంబం కాబట్టి మనవాళ్లంతా గర్వంగా చెప్పుకుంటారు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 2019లో ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైకులతో అవుట్ చేసి), ఎదుటి టీమ్‌కు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో మెట్స్ టీమ్ పదో ఆటగాడిగా ఎంచుకుని, మెడికల్ రిపోర్టు చూసి ఒప్పందం చేసుకోలేదు. తర్వాత రేంజర్స్ టీమ్ తీసుకుంది, మోచేతికి ఆపరేషన్ అయింది, 2024 సెప్టెంబర్‌లో గానీ మేజర్ లీగ్ మైదానం ఎక్కలేదు. అంత ప్రతిభ ఉన్నవాడి దారే అలా సాగింది. ఇది మీవాణ్ణి నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. పెట్టిన డబ్బుకు వాడు లెక్క చెప్పాలని మీరు ఎదురుచూడొద్దని చెప్తున్నాను. ఆ డబ్బుకు వాడు ఇన్నేళ్లు సంతోషంగా ఆడాడు, అక్కడికి ఆ లెక్క చెల్లింది.

అలాగే కోచ్‌కు మెయిల్స్ రాయడం ఈరోజే ఆపేయండి. తండ్రి రాసే మెయిల్ చూస్తే కోచ్‌కు మొదట వచ్చే అనుమానం 'ఈ కుర్రాడు తన మాట తాను చెప్పుకోలేడా?' అని. మీ ఉత్తరంలో బాబుకు ఏం కావాలో ఒక్క వాక్యం కూడా లేదు. వాడు నిజంగా ఇంకో నాలుగేళ్లు ఆడాలనుకుంటున్నాడా? అడిగారా అసలు?

వీసా సంగతికి వస్తే, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే వీసా) మీద కాలేజీలో చదవొచ్చు, ఆడొచ్చు, కాలేజీ ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. ఫెడరల్ సాయం మాత్రం రాదు. కోర్సు మధ్యలో వాడికి 21 నిండుతాయి. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే స్టూడెంట్ వీసా ఎఫ్-1కు మారాల్సి రావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఇప్పుడే మాట్లాడండి. ఆటగాడి పేరు వాడుకున్నందుకు షాపులవాళ్లు డబ్బులిస్తామంటే, లాయర్‌ను అడక్కుండా ఒక్క డాలర్ కూడా తీసుకోవద్దు. హెచ్-4, ఎఫ్-1 వాళ్లకు అది అనుమతిలేని ఉద్యోగం కిందకు రావచ్చు.

ఇప్పుడు పోలిక. టీమ్ రేపే ఎత్తేశారనుకోండి, ఆ చిన్న కాలేజీలో వాడు సంతోషంగా చదువుకోగలడా? కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ బాగుందా, మధ్యాహ్నం ల్యాబ్‌లు ప్రాక్టీసుకు అడ్డమొస్తే కోచ్ ఏమంటాడు? వీటికి జవాబు బాగుంటే నిశ్చింతగా పంపండి. డివిజన్ త్రీలో రెగ్యులర్ సీజన్ నలభై ఆటలకు మించదు, చదువుకు చోటుంటుంది. జవాబు బాగాలేకపోతే స్టేట్ యూనివర్సిటీయే మేలు. అక్కడ క్లబ్ బేస్‌బాల్ ఉందేమో చూడండి. చాలా పెద్ద యూనివర్సిటీల్లో ఉంటుంది, వారాంతాల్లో వేరే కాలేజీలతో ఆడతారు. ఆట పూర్తిగా పోదు. ఎటు పంపినా మీవాడు చెడిపోడు. చేతిలో రెండు సీట్లున్న పిల్లాడి గురించి మీరు ఇంతగా నిద్ర మానుకోవాల్సిన పని లేదు.

సీటు ఖాయం చేసుకోవడానికి మామూలుగా మే 1 దాకా టైముంటుంది. ఆ లోపు బాబును ఒక్కణ్ణే ఆ కాలేజీకి పంపండి. ఒక రాత్రి టీమ్ పిల్లలతో హాస్టల్‌లో ఉండి, కోచ్ లేనప్పుడు వాళ్లతో మాట్లాడి రమ్మనండి. మీరు మాత్రం డిపాజిట్ కట్టేముందు అది వెనక్కి వస్తుందో రాదో కనుక్కోండి.