కరెంటు నిలకడలేని బడికి ఏ కంప్యూటర్లు?
వర్ధమాన దేశాల్లో కరెంటు, ఇంటర్నెట్ సరిగా లేని బడికి కంప్యూటర్లు ఎంచుకోవాలంటే ధర కన్నా ముందు వాట్లు లెక్కేయండి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1200 వాట్-అవర్లు. సగానికి మించి తరచూ వాడేస్తే ప్లేట్లకు సల్ఫేట్ పట్టి త్వరగా చస్తుంది, కాబట్టి 600 మాత్రమే మనవి. 150 వాట్లు లాగే డెస్క్‌టాప్ ఒక్కటే వాటిని 4 గంటల్లో ఖాళీ చేస్తుంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్‌బెర్రీ పై, దానికో చిన్న తెర కలిపి 20 వాట్లనుకుంటే 5 సెట్లు దాదాపు 6 గంటలు నడుస్తాయి.

రాస్‌బెర్రీ పైలో ముందుగా దెబ్బతినేది సిస్టమ్ ఉండే మెమరీ కార్డు. డేటా రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోతాయి. అదే సిస్టమ్ కాపీ చేసిన కార్డు ఒకటి బడిలోనే ఉంచితే, టీచరే రెండు నిమిషాల్లో మార్చేస్తారు. నెట్ లేకున్నా, ముందే దించుకుని పెట్టుకున్న వికీపీడియాను కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదువుకోవచ్చు.