కడుపునొప్పి అంటే నాటకం అంటున్నారు... చట్టం ఏమంటుంది?

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. ఏడు నెలలుగా కడుపులో కుడివైపు నొప్పి వస్తూ పోతూ ఉంది. నెలసరి రోజుల్లో లేచి నిలబడలేను. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. ఇంట్లో చెబితే ‘పరీక్షలు దగ్గరపడ్డాయిగా, నాటకాలు మొదలు’ అంటున్నారు. నేను ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లొచ్చా? డాక్టరు చూస్తారా? ఎవరికైనా చెబితే అమ్మానాన్నల మీద కేసు పడుతుందా? వాళ్లు చెడ్డవాళ్లు కాదు.

జవాబు: వెళ్లొచ్చమ్మా. చూస్తారు. చెప్పినంత మాత్రాన కేసు పడదు.

వివరాల్లోకి వెళ్లేముందు ఒక హెచ్చరిక. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగి, జ్వరం, వాంతులు తోడైతే అది అపెండిక్స్ కావచ్చు. అప్పుడు ఎవరినీ ఒప్పిస్తూ కూర్చోవద్దు, 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యి. స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా, వాంతిలో రక్తం పడినా అంతే. ఇది చదివే అబ్బాయిలకూ ఒక మాట: వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. అది మెలిపడితే కాపాడుకోవడానికి ఉండే సమయం దాదాపు ఆరు గంటలే. ప్రాణాపాయంలో వచ్చిన వారికి ముందు వైద్యం చేయాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సంరక్షకుల అనుమతి తీసుకునే వ్యవధి లేనప్పుడు మేలు కోరి చేసిన చికిత్స నేరం కాదని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 30 కూడా డాక్టరుకు రక్షణ ఇస్తోంది.

ఇక మామూలు ఓపీ సంగతి. ‘పెద్దవాళ్లను తీసుకురా’ అని కొందరు వెనక్కి పంపుతారు. ఇక్కడ చూపించుకోవడం, చికిత్స చేయించుకోవడం అనే రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. న్యాయ సంహిత సెక్షన్ 28 ప్రకారం చెల్లనిది 12 ఏళ్ల లోపు పిల్లల సమ్మతి. నీకు 16. నీ సమస్య వినడానికి, నాడి, బీపీ చూడటానికి, పొట్ట నొక్కి చూడటానికి నువ్వు ఒప్పుకుంటే చాలు. రక్తపరీక్ష రాయడానికి కూడా మామూలుగా అభ్యంతరం ఉండదు. ఆపరేషన్, మత్తు ఇవ్వడం, ఆసుపత్రిలో చేర్చుకోవడం దగ్గర మాత్రం 18 నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 నిండేదాకా నువ్వు మైనర్‌వే. ప్రైవేటు క్లినిక్‌లో కాదంటే ప్రభుత్వాసుపత్రి ఓపీకి వెళ్లు. పిన్నినో, పెద్దమ్మనో, టీచరునో, నీ మాట నమ్మే పెద్దావిడ ఎవరైనా సరే, వెంట తీసుకెళ్లు. సంతకం కోసం కాదు, గదిలో నువ్వు చెప్పింది విన్న రెండో మనిషి ఉండటం కోసం. డాక్టరు ఇంట్లో ఏం చెబుతారో ముందే అడుగు. మైనర్ విషయంలో తల్లిదండ్రులకు చెప్పే అవకాశం ఉంది, తెలిసి మాట్లాడటం మేలు.

అక్కడి నుంచి నువ్వు తెచ్చుకోవాల్సింది మందులు మాత్రమే కాదు, డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా. ఎందుకో చూడు. పిల్లల రక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని సెక్షన్ 75, బిడ్డ బాధ్యత చూసేవారు ‘బుద్ధిపూర్వకంగా’ నిర్లక్ష్యం చేసి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. బరువంతా ‘బుద్ధిపూర్వకంగా’ అనే మాటలోనే ఉంది. ఇప్పటివరకు మీ అమ్మానాన్నలు చేసింది తెలియనితనం, పొరపాటు అంచనా. దాన్ని ‘బుద్ధిపూర్వకం’ అనడం కష్టం. ‘స్కానింగ్ అవసరం, వారంలో మళ్లీ చూడాలి’ అని డాక్టరు రాసిన చీటీ చేతికి వచ్చాక మాత్రం ‘మాకు తెలియదు’ అనే మాట చెల్లదు. చాలా ఇళ్లలో వ్యవహారం ఇక్కడే తెమిలిపోతుంది. కూతురి నోటిమాటను కొట్టిపారేసిన నాన్న, ‘హిమోగ్లోబిన్ 8’ అనే అంకెను కొట్టిపారేయలేడు. నీ వయసు అమ్మాయికి అది 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. కళ్లు తిరగడానికి అదొక కారణం కావచ్చు.

ఆ రాత సరిగ్గా రావాలంటే నువ్వు సరిగ్గా చెప్పాలి. ‘ఎప్పుడూ నొప్పే సార్’ అంటే డాక్టరు గ్యాస్ మాత్ర రాసి పంపేస్తారు. రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టు. ఇలా రాయి: ‘14వ తేదీ, రాత్రి 2.10. కుడివైపు కింద. 10కి 7. నలభై నిమిషాలు. ఒక వాంతి. జ్వరం లేదు. నెలసరి రెండో రోజు, ఐదు ప్యాడ్లు. ఉదయం క్లాసుకు వెళ్లలేదు.’ పడిపోయిన రోజు ఎవరు చూశారో కూడా రాయి. ఇంటర్నెట్‌లో చదివిన జబ్బు పేర్లు ఇందులో వద్దు. అవి కనబడగానే ‘ఫోన్ చూసి భయపడుతోంది’ అనేస్తారు, అసలు లక్షణం పక్కకు పోతుంది. నొప్పి 5 ఉన్న రోజు 9 అని రాయకు. ఒక్క అబద్ధం దొరికినా పుస్తకం మొత్తం పనికిరాకుండా పోతుంది. ఓపీ చీటీలో నీ ఫిర్యాదు, ఎన్నాళ్లుగా, డాక్టరు సలహా, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకో. లేకపోతే రాయమని అడగడం తప్పు కాదు.

తర్వాత ఇంట్లో అడుగు, వాట్సాప్‌లో కూడా పంపు. నింద వద్దు, తేదీ పెట్టు: ‘అమ్మా, డాక్టరు స్కానింగ్ చేయించమన్నారు. చీటీ ఫొటో పంపాను. ఈ శనివారం తీసుకెళ్తావా?’ జవాబు ఏదైనా దాన్ని చెరిపేయకు. వాళ్ల వెనకడుగుకు కారణం డబ్బయితే, నువ్వు తెచ్చింది ప్రభుత్వాసుపత్రి చీటీ అని, అక్కడే స్కానింగ్ చేయించవచ్చని చెప్పు. పిల్లల వైద్యం తల్లిదండ్రుల దయ కాదు. హిందువులకు వర్తించే 1956 నాటి దత్తత, పోషణ చట్టం సెక్షన్ 3లో పోషణ అంటే తిండి, బట్ట, నీడ, చదువుతో పాటు వైద్యం కూడా.

ఆ శనివారం, తర్వాతి శనివారం కూడా దాటిపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. లేదా నేరుగా జిల్లా బాలల సంక్షేమ సమితికి వెళ్లు. అందరూ సీడబ్ల్యూసీ అనేది దీన్నే. అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు, వారిలో కనీసం ఒక మహిళ ఉండాలి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 31 ప్రకారం బిడ్డ తనంతట తానే వారి ముందుకు రావచ్చు, డాక్టరు, నర్సు, సామాజిక కార్యకర్త ఎవరైనా తీసుకురావచ్చు. ఒక పేజీ చాలు: పేరు, వయసు, లక్షణాలు, డాక్టరు ఏ తేదీన ఏం రాశారు, ఇంట్లో ఏ తేదీన అడిగావు, ఏమన్నారు, నీకు ఏం కావాలి. చివరి వాక్యం చాలామంది మరిచిపోతారు. ‘మా అమ్మానాన్నలను పిలిచి మాట్లాడి, స్కానింగ్ చేయించేలా చూడండి. నేను ఇంట్లోనే ఉండాలనుకుంటున్నాను’ అని స్పష్టంగా రాయి.

నీ భయానికి జవాబు ఇక్కడ ఉంది. సమితి శిక్షలు వేసే కోర్టు కాదు, ఎవరినీ జైలుకు పంపదు. విచారణ జరిపి, బిడ్డకు రక్షణ అవసరమని తేలినా, సెక్షన్ 37 కింద తల్లిదండ్రులకే అప్పగించి పర్యవేక్షణ పెట్టవచ్చు. నీ పేరు, ఫొటో పత్రికల్లో రాకూడదని సెక్షన్ 74 చెబుతోంది. పోలీసు కేసు అనేది తెలిసి తెలిసి బిడ్డను బాధకు వదిలేసిన సందర్భాల కోసం. నీ విషయం నువ్వు రాసినంతవరకు ఆ దరిదాపుల్లో లేదు.

బాధ శరీరానిది కాక మనసుదైతే దారి కాస్త వేరు. నిద్ర లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం లాంటివి ఉంటే మానసిక సాయం అందించే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చెయ్యాలి. మానసిక ఆరోగ్య చట్టం 2017లో మైనర్ తరఫున నిర్ణయాలు తీసుకునేది తల్లిదండ్రులే అయినా, వాళ్లు బిడ్డ మేలు చూడటం లేదని తేలితే మానసిక ఆరోగ్య బోర్డు సెక్షన్ 15 కింద ఇంకొకరిని నియమించగలదు. బాధ వెనక లైంగిక వేధింపు ఉంటే మాత్రం, విన్న డాక్టరు పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అది తెలిసి మాట్లాడు, కానీ దాచకు.

అర్జీ రాయడానికి సాయం కావాలంటే 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ పలుకుతుంది. పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా వకీలు ఉచితం. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకో. ఓపీ చీటీ అసలు నీ దగ్గర ఉంచి, జిరాక్సు ఒకటి నీ వెంట వచ్చిన పెద్దావిడ దగ్గర పెట్టు.