రోజువారీ బతుకులో క్రైస్తవ విశ్వాసం ఎలా కనిపించాలి?

ప్రార్థన, ఆరాధన సరే, మిగతా సమయమంతా విశ్వాసిగా ఒక లక్ష్యంతో బతకడం ఎలా అని అడిగారు. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు యొప్పే ఊళ్లోని దొర్కా. ఆమె గురించి బైబిల్లోని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఉంది. ఆమె ప్రసంగాలు చేసినట్టు ఎక్కడా లేదు. బట్టలు కుట్టేది, ధర్మం చేసేది. ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలను యేసు శిష్యుడైన పేతురుకు చూపించారు. పనితనం, ప్రేమ, జీవిత లక్ష్యం అన్నీ ఆ బట్టల్లోనే ఉన్నాయి. వాటిని ఆమె విడివిడిగా వెతుక్కోలేదు.

కళలు భక్తికి అడ్డు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. నిర్గమకాండము 31లో దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, రాయి, చెక్క పనుల కోసమే కదా!

ఇక ఇవ్వడం గురించి. మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. మాసిదోనియ ప్రాంతంలోని క్రైస్తవ సంఘాలు కటిక పేదరికంలోనూ ఇచ్చాయని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో అంటాడు. అదే పత్రికలో, సణుగుతూ ఇవ్వొద్దనీ చెబుతాడు.

నా లక్ష్యం ఏమిటో తెలియట్లేదని టెన్షన్ పడకండి. మీకు ఇప్పటికే చేతనైన పని ఒకటి, అది అవసరమైన మనిషి ఒకరు, మొదలుపెట్టడానికి ఇవి చాలు.