పాత వెండి లాకెట్‌లో అద్దంలా కదిలేది పాదరసమేనా?

ప్రశ్న: గుంటూరులో మా అమ్మమ్మ పెట్టె సర్దుతుంటే ఒక వెండి లాకెట్ దొరికింది. ఓడలో పనిచేసిన చిన్న తాతయ్య ఎప్పుడో తెచ్చిందట. హృదయం ఆకారంలో గాజు, పైన వెండి కట్టు, లోపల అద్దంలా మెరుస్తూ అటూ ఇటూ జారే ద్రవం. వెనక ఇంగ్లీషులో మెక్సికో అనీ, 925 అనీ ఉంది. ఇదేమిటి? మా అక్క అమెరికా తీసుకెళ్ళి వేసుకుంటానంటోంది.

జవాబు:

అది పాదరసమండీ. మీరు రాసిన తీరు చూస్తే నాకు అనుమానం లేదు. అక్కగారిని మెడలో వేసుకోవద్దనండి, విమానం అయితే అసలే ఎక్కించవద్దనండి.

మాది విజయవాడ వన్‌టౌన్‌లో పాత వెండి కొనే కొట్టు. మా దగ్గరికి వచ్చేవి పట్టీలు, మొలతాళ్ళు, కుంకుమ భరిణెలు, పన్నీరు బుడ్లు, చొట్టలు పడ్డ కంచాలు. మీలాంటి లాకెట్ మాత్రం గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ దగ్గరే చూశాను. పాత సామాను కొనేటప్పుడు రాళ్ళు, లక్క, గాజు తీసేసి తూకం వేయడం మా పద్ధతి, లేకపోతే లక్కకి కూడా వెండి ధర కట్టాల్సి వస్తుంది. మా కుర్రాడు అలవాటు ప్రకారం పట్టకారు అందుకున్నాడు. నాన్నగారు ఆగమని లాకెట్ చేతిలోకి తీసుకున్నారు. గాజున్న వస్తువు తేలిగ్గా ఉండాలి కదా, ఇది గట్టి వెండి ముద్దకన్నా బరువుగా తోచింది. వెండి నీటికి పదిన్నర రెట్లు బరువైతే పాదరసం పదమూడున్నర రెట్లు. ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే, లోపలి ద్రవం కుదురుకునేదాకా చివరి అంకె నిలవలేదు.

అదే పర్సులో ఆవిడ బంగారు దుద్దులు కూడా ఉన్నాయి. ఒకదాని అంచున తగరం పూసినట్టు తెల్లటి మచ్చ. "ఇది బంగారం కాదా ఏంటి బాబూ?" అని ఆవిడ ఒకటే కంగారు. గీటురాయి మీద గీస్తే పసుపు గీతే పడింది. బంగారాన్ని పాదరసం పట్టిందన్నమాట. అంటే లాకెట్ ఎక్కడో కారుతోంది. చూస్తే గాజుకి ఒక్క గీటు లేదు. తేడా అంతా మెడ దగ్గర ఉంది. గాజు మెడని వెండి టోపీలో జిగురుతో అతికిస్తారు, ఆ జిగురు ఏళ్ళు గడిచి ఎండి పెళుసైపోయింది. మీరూ ముందు అక్కడే చూడండి, కానీ కదిలించి చూడొద్దు. దుద్దుని కాస్త వేడి చేస్తే మచ్చ పోతుందంటారు పాత కంసాలులు. పోతుంది కూడా, కాకపోతే ఆ పాదరసం మన ముక్కులోకే పోతుంది. లాకెట్ మేం కొనలేదు. గట్టి మూతున్న డబ్బాలో పెట్టిచ్చి, సంగతి చెప్పి పంపించాం.

ఇవి ఎక్కువగా మెక్సికో సరుకే. అక్కడ టాస్కో ఊరి వెండి పని పేరున్నది. హృదయాలు, చిన్న సీసాలు, బంతులు, మిరపకాయల ఆకారాల్లో ఇలాంటి పాదరసం లాకెట్లు వచ్చేవి. అమెరికాలో పిల్లలు స్కూలుకి వేసుకెళితే పగిలి గొడవలై, అక్కడి ఆరోగ్యశాఖలు హెచ్చరికలు కూడా ఇచ్చాయి. ఒక్కోదానిలో 3 నుంచి 5 మిల్లీలీటర్లు ఉంటుంది. 3 మిల్లీలీటర్లే అనుకున్నా 40 గ్రాములు, మన లెక్కలో నాలుగు తులాలు. పాత జ్వరం థర్మామీటర్‌లో ఉండేది సుమారు ఒక గ్రామే. వెనక గద్ద ముద్ర కూడా ఉంటే 1948 తర్వాతి సరుకు, మెక్సికోలో ఆ ముద్ర అప్పుడే మొదలైంది.

పాదరసం కాక గాలియం అయి ఉండొచ్చా అని ఎవరైనా అడుగుతారు. అది 30 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి మన గుంటూరు ఎండలకి ద్రవంగానే ఉంటుంది, నిజమే. కానీ గాలియం గాజుకి అంటుకుని మసక పూత వదులుతుంది. పాదరసం గాజుని తడపదు, గుండ్రటి అంచుతో జారిపోయి వెనక గాజు శుభ్రంగా మిగులుతుంది. కంటితో చూస్తే చాలు, తెరవక్కర్లేదు. మన దగ్గర రసమణి అని అమ్మే గట్టి గుండు వేరే సంగతి. అందులో పాదరసాన్ని వేరే లోహంతో కలిపి గడ్డ కట్టిస్తారు. దాన్నీ నేను కొట్లో పెట్టను. ఎందుకని అడిగినవాళ్ళకి చెబితే కోపాలొస్తాయి.

పాదరసం మింగితే చచ్చిపోతారని మనవాళ్ళ భయం. నిజానికి ద్రవంగా మింగిన పాదరసం కడుపులో దాదాపు ఒంటికి పట్టదు. పీల్చిన ఆవిరిలో మాత్రం 80 శాతం దాకా ఒంట్లో చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, గది వేడెక్కిన కొద్దీ ఎక్కువ లేస్తుంది. మే నెలలో తలుపులు మూసిన గదిలో, బీరువాలో కారుతున్న లాకెట్ ఉంటే అది చిన్న విషయం కాదు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చిగుళ్ళు వాయడం లాంటివి ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుకి పాదరసం మాట చెప్పండి, మూత్ర పరీక్షలో తెలుస్తుంది. చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

నాకు ఇంకా పెద్ద భయం కరిగింపు. మీరు దాన్ని పట్నం బజారులో ఏదో కొట్లో వేసేశారనుకోండి, చూసుకోకుండా మూసలో పడేసి మంట పెడితే? వెండి కరగడానికి 960 డిగ్రీల పైన కావాలి, పాదరసం 357కే మరిగిపోతుంది. వెండి మెత్తబడేలోపు పాదరసమంతా ఆ గదిలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఉంటుంది. అందుకే గాజు తీయించి వెండి మాత్రం అమ్ముదామని కూడా అనుకోకండి.

ఇక విమానం. పాదరసం అల్యూమినియం మీదుండే పైపొరని దాటితే లోహాన్ని తినేస్తూ పోతుంది. చాలా విమానాల ఒళ్ళు ఎక్కువగా అదే లోహం. అందుకే ఇలాంటిది చేతి సంచిలోనూ, పెద్ద పెట్టెలోనూ ఒప్పుకోరు.

ప్రస్తుతానికి రెండు జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటిగా వేసి, చుట్టూ దూది పెట్టి, మర మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. పైన "పాదరసం" అని రాసి, చల్లగా, పిల్లలకి అందని చోట పెట్టండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో పగిలిన పాదరసం థర్మామీటర్లు ఇళ్ళలోని ప్రమాదకర చెత్త కిందే వచ్చేవి, మీదీ ఆ కోవలోదే. మీ మున్సిపల్ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని అడగండి. వాళ్ళు తేల్చకపోతే కాలుష్య నియంత్రణ మండలి గుంటూరు కార్యాలయానికి ఫోన్ చేయండి.

ఈలోగా పగిలితే చీపురు, వాక్యూమ్ క్లీనర్ ముట్టుకోవద్దు, పాదరసం పూసలు ఇంకా చిన్నవై ఇల్లంతా పాకుతాయి. పిల్లల్ని బయటికి పంపి, ఏసీ, ఫ్యాను ఆపి, కిటికీలు తెరవండి. మీ నగలన్నీ తీసేసి చేతికి తొడుగులు వేసుకోండి. టార్చి నేలకి ఏటవాలుగా పట్టుకుంటే ప్రతి పూసా మెరుస్తుంది. అట్టముక్కతో ఒకచోటికి తోసి, డ్రాపర్‌తో సీసాలోకి తీయండి. మిగిలిన చిన్నవాటిని టేపుతో అద్ది ఎత్తండి. సింకులో పోయొద్దు, పడిన బట్టలు వాషింగ్ మిషన్‌లో వేయొద్దు.

అమ్మమ్మగారి పెట్టెలో లాకెట్ పక్కన బంగారం ఏమైనా ఉందా? ఉంటే తెల్ల మచ్చలున్నాయేమో చూసి రాయండి, కారుతోందో లేదో దాన్నిబట్టి చెప్పొచ్చు.